విదేశీయ బహుకథాచిత్రములును సామాజికుని యెఱుకయు

ఒక నాయకుని చరిత్రమును మాత్రమే గాక, రెండు మూఁడు మొదలు పది వఱకును వేర్వేఱు కథలను గూర్చి యొకే చలనచిత్రమునఁ జూపు సంప్రదాయము పాశ్చాత్యదేశములందును జపానునందును బహుకాలమునుండి కలదు. ఇట్టి చిత్రములను జూచిన సామాజికులు సాధారణముగా రెండు విధములుగాఁ బలుకుదురు. ఒక కథయందు మనస్సు లగ్నమగు సమయమునకే దానిని విడిచి వేఱొకదానికిఁ బోవుటచే రసము భంగపడినదని కొందఱందురు. కథలన్నియుఁ దుదకు నెట్లు కలిసినవో కనిపెట్టుటయందే యానందము కలదని మఱికొందఱందురు. మొదటివారు విరామమునే దోషముగా నెంచుచున్నారు. రెండవవారు పొడుపుకథను విప్పిన చమత్కారముతోడనే తృప్తి చెందుచున్నారు. ఉత్తమములైన బహుకథాచిత్రములలో సామాజికుని హృదయమును బట్టియుంచునది యీ రెంటికంటెను వేఱైనది. చిత్రములోని పాత్రములకుఁ దెలియని విషయమును దా నెఱిఁగియుండుటయే యది. ఈ యెఱుక యెట్లు కలుగునో, కరుణభయాదుల కెట్లు మూలమగునో కొన్ని ప్రసిద్ధచిత్రములను బట్టి విచారింపవలసియున్నది.

నాట్యశాస్త్రమునకు అభినవగుప్తుఁడు రచించిన అభినవభారతి యను వ్యాఖ్యయందు, షష్ఠాధ్యాయమున, రసప్రతీతికి విఘ్నములు ఏడు చెప్పఁబడినవి. వానిలో మూఁడు ప్రకృతమున కుపకరించును. స్ఫుటత్వాభావ మొకటి, చూపఁబడు వస్తువు స్పష్టముగా గోచరింపకపోవుట యని దాని భావము. అప్రధానత రెండవది, ఏది ముఖ్యమో యేది యముఖ్యమో తెలియమిచే మనస్సునకు విశ్రాంతిస్థానము లేకపోవుట. సంశయయోగము మూఁడవది, కన్నీ రానందముచేతను గలుగవచ్చును, నేత్రరోగముచేతను గలుగవచ్చును గావున, నొక్క యనుభావమును మాత్రమే చూచినవానికి దాని మూలమైన స్థాయి యేదియో నిశ్చయము కలుగకపోవుట. బహుకథాచిత్రములపై మోపఁబడు నాక్షేపణలు మిక్కిలిగా నీ మూఁటిలో నేదో యొకదాని క్రిందికే వచ్చును.

వీనిలో అప్రధానత ప్రబలమైనది. దశరూపకకర్తయగు ధనంజయుఁడు ఇతివృత్తమును ఆధికారికమనియుఁ బ్రాసంగికమనియు విభజించి, ప్రాసంగికమునకుఁ బతాకా ప్రకరీ భేదములను జెప్పెను. రామకథయందు సుగ్రీవవృత్తాంతము పతాక. అది యెంత దూరము సాగినను రాముని కార్యమునకే తోడ్పడును. బహుకథాచిత్రమున నట్టి రాముఁడు లేఁడు. అందలి కథలన్నియుఁ బతాకలవలెనే కన్పట్టును. వాని కాశ్రయమైన ధ్వజస్తంభము మాత్రము కనఁబడదు. ప్రబంధమున రసము లెన్ని యున్నను ఒక్కటి యంగిగా నుండవలెనని ధ్వన్యాలోకమున ఆనందవర్ధనుఁడు శాసించెను. నాయకుఁడే యొక్కఁడు కానిచోట నంగిరస మెక్కడ నిలుచును?

తెలుఁగు పాఠకునకుఁ గథల కూర్పు క్రొత్తది కాదు. 13వ శతాబ్దివాఁడగు కేతన తెనిఁగించిన దశకుమారచరిత్రమునఁ గుమారులు చెదరిపోయి, తిరిగి కలిసికొని, తమ తమ వృత్తాంతములను జెప్పుకొందురు. శుకసప్తతియందుఁ జిలుక కథలు చెప్పుచు గృహిణిని గడప దాఁటనీయదు. ఈ గ్రంథములయందు వక్తయు శ్రోతయు గ్రంథమునందే యుందురు. తరువాత నేమి జరిగెనని యడుగుట శ్రోత పని. కథకుఁ గథకు నడుమ సంధిని గూర్చుట వక్త పని. పాఠకుఁడు వారి ప్రక్కనే సుఖముగాఁ గూర్చుండును. విదేశీయచిత్రములలోఁ బెక్కింట నీ వక్తృశ్రోతలు తొలఁగింపఁబడిరి. కథలు మాత్రము మిగిలినవి. శ్రోత చేయవలసిన పనియు, వక్త చేయవలసిన పనియు సామాజికునిపైఁ బడినవి. మొదటిసారి చూచువానికిఁ గలుగు తొట్రుపాటునకు నిదియే కారణము. ఆ పనిని నెఱవేర్చినవానికిఁ గలుగు ఫలమునకును నిదియే కారణము.

ఈ తెగలో మొట్టమొదట మహాప్రయత్నముగాఁ బేరొందినది, అమెరికాదేశీయుఁడగు డి. డబ్ల్యూ. గ్రిఫిత్ 1916లో వెలువరించిన 'ఇంటోలరెన్స్', అనఁగా అసహనము. అందు నాలుగు కథలు కలవు. క్రీస్తునకుఁ బూర్వము 539లో బాబిలోను నగరము పారసీకుల కధీనమగుట ఒకటి. క్రీస్తు చరిత్రములోని ఘట్టములు రెండవది. 1572లో ఫ్రాన్సుదేశమున హ్యూగనాట్లను సంహరించుట మూఁడవది. చేయని హత్యకుఁ గాను ఉరిశిక్ష పొందిన యమెరికా యువకుని కథ నాలుగవది. ఇవి యొకదాని వెంట నొకటి చెప్పఁబడవు. ఒకటి కొంత నడిచి యాగును, వేఱొకటి యందుకొనును. నడుమ నడుమ నొక స్త్రీ ఊయెల నూఁచుచుండు దృశ్యము సూత్రమువలె వచ్చుచుండును. ఆ కాలపు సామాజికులలోఁ జాలమంది యీ పద్ధతికిఁ గలవరపడిరి. చిత్రము ధనము నార్జింపలేదు. 1919లో గ్రిఫిత్ బాబిలోను కథను, ఆధునికకథను వేఱుచేసి రెండు చిత్రములుగాఁ బ్రదర్శించెను.

అట్లు వేఱుచేయుటవలన స్ఫుటత్వము లభించెను గాని యొక గొప్ప వస్తువు నశించెను. సమగ్రచిత్రముయొక్క చివరిభాగమున నాలుగు కథలును వేగమునఁ బరుగెత్తును. బాబిలోనున కాపద వచ్చుచున్నదని తెలుప రథముపై వచ్చు కొండపిల్ల రాజును జేరును గాని, యప్పటికే సమయము మించిపోయెను. హ్యూగనాటు కన్యను రక్షింపఁ బరుగిడు ప్రియుఁడు ఆమె శవమునే కనును. క్రీస్తు సిలువ నెక్కును. అమెరికా యువకునికి క్షమాపత్రమును దెచ్చు వాహన మింకను మార్గమధ్యముననే యున్నది. ఆధునికకథను వేఱుగాఁ జూచినవానికి నాయకుఁడు బ్రదుకునను నమ్మకము సహజముగానే యుండును. నాలిగింటిని గలిపి చూచినవాఁడు మూఁడు చోట్ల రక్షణ విఫలమగుటను గన్నులారఁ జూచినవాఁడు. కావున వాని భయ మధికము. ఉరికంబముక్రింద నిలిచిన యువకునకు బాబిలోను సంగతి తెలియదు. సామాజికునకుఁ దెలియును. ఆ యెఱుకయే యిచట భయానకమునకు ఉద్దీపనవిభావము. యువకుఁడు బ్రదికినపుడు గలుగు నూరటకును నదియే బలము.

జర్మనీదేశమున ఫ్రిట్జ్ లాంగ్ 1921లో నిర్మించిన 'డెర్ మ్యూడె టోడ్' (అలసిన మృత్యువు) యను చిత్రమున మృత్యుదేవత యొక యువతి ప్రియుని గొనిపోవును. ఆమె ప్రార్థింపఁగా, మనుష్యుల యాయువులు దీపములై వెలుఁగు మందిరమును జూపి, కొడిగట్టుచున్న మూఁడు దీపములలో నొక్కదానినైన నిలుపఁగలిగినచో నీ ప్రియుని దిరిగి యిత్తునని మృత్యువు పలుకును. ఆ మూఁడు దీపములును మూఁడు కథలు. ఒకటి మహమ్మదీయనగరమునను, ఒకటి వెనిసునందును, ఒకటి చీనాయందును జరుగును. అన్నింటను బ్రియురాలి పాత్రమును, ప్రియుని పాత్రమును, మృత్యువు పాత్రమును ధరించిన నటు లొక్కరే. వెనిసు యువతికిఁ దొలినగరపు యువతి యోటమి తెలియదు. తోటమాలి వేషమునను విలుకాని వేషమునను వచ్చినవాఁడు మృత్యువే యని యాయా కథలలోనివా రెఱుఁగరు. సామాజికుఁడు ముఖమును జూచినంతనే గుర్తించును. పేరును, దేశమును, వేషమును మాఱినను విధి మాఱలేదను భావము మాటలతోఁ జెప్పనక్కఱలేకయే స్ఫురించును. అప్రధానత యను విఘ్నమునకు లాంగ్ కనుఁగొన్న పరిహార మిది. కథలు మూఁడైనను ఆలంబన మొక్కటియే.

రెండవ ప్రపంచయుద్ధము ముగిసినపిదప ఇటలీలో రొబెర్తో రొసెల్లీని 1946లో వెలువరించిన 'పైసా' యను చిత్రమున నట్టి ముఖసామ్యమును లేదు. ఆ పేరునకు నాణెముతో సంబంధము లేదు. స్వదేశస్థునిఁ జనవుగాఁ బిలుచు దక్షిణ ఇటలీ మాండలికపు సంబోధన మది. 1943 జులైలో మిత్రసైన్యములు సిసిలీలో దిగుటతో మొదలై, నేపుల్సు, రోము, ఫ్లారెన్సు, కొండలనడుమ నొక సన్న్యాసిమఠము, తుదకుఁ బో నదీముఖమందలి జొండుభూములు, ఇట్లు దక్షిణమునుండి యుత్తరమునకు నాఱు కథలు నడచును. ఒక కథలోనివారు వేఱొక కథలోనికి రారు. ఆధికారికవస్తు వేదియన్నచోఁ, బాదక్రాంతమై, విముక్తి చెందుచున్న దేశమే యని చెప్పవలసియుండును.

మొదటి కథలోఁ గార్మెలా యను సిసిలీ కన్య అమెరికా సైనికులకు దారి చూపును. ఆమెకుఁ గాపుగా నిలిచిన సైనికునకు నామె భాష రాదు, ఆమెకు వాని భాష రాదు. సైనికుఁడు జర్మనుల గుండు తగిలి పడును. ఆమె వాని తుపాకిని గైకొని శత్రువులపైఁ బ్రయోగించి, వారిచేతఁ జచ్చును. తిరిగివచ్చిన యమెరికనులు మిత్రుని శవమును జూచి, ఆ పిల్లయే వానిని జంపెనని శపింతురు. కథ యక్కడ ముగియును. నిజము చెప్పువాఁ డెవ్వఁడును రాఁడు. ఆమె త్యాగమునకు సాక్షి సామాజికుఁడు. రోమునగరపుఁ గథలో మత్తుఁడైన సైనికుఁ డొక వేశ్యయొద్ద, ఆఱు నెలలకు ముందు నగరము విముక్తమైననాఁడు తాను గాంచిన సాధుకన్యను దలఁచుకొనును. ఆ కన్యయు నీ వేశ్యయు నొక్కతెయే యని వాఁడు గుర్తింపఁడు. చివరి కథలో బందీలైన దేశభక్తులను జర్మనులు కట్టివైచి నీటఁ ద్రోయుదురు. ఇది 1944 శీతకాలమున జరిగెననియు, వసంతారంభమున యుద్ధము ముగిసెననియుఁ బ్రవక్త కంఠము పలుకును. మునిఁగినవా రా వసంతము నెఱుఁగరు. ఈ యాఱు కథలను గలుపుసూత్రము సంఘటనలలో లేదు. ఒకరి నొకరు తెలిసికొనలేని మనుష్యుల నందఱినిఁ దెలిసికొన్నవాఁడు సామాజికుఁడే. ఒక కథ ముగిసిన వెంటనే మఱియొకటి మొదలగుటచే వానికిఁ దన యెఱుకను బంచుకొనుటకుఁ దోడు లేదు. అది వాని హృదయముననే నిలిచి పేరుకొనును. విరామము రసమును భంగపఱచుటకు మాఱు సంచయించుచున్నది.

సామాజికునికే యెఱుక నిరాకరింపఁబడిన చిత్రము జపానుదేశీయుఁడగు అకిరా కురొసావా 1950లో నిర్మించిన 'రషోమొన్'. 1951లో వెనిసు చిత్రోత్సవమున నగ్రపురస్కారము పొందిన యీ చిత్రమునకు అకుతగవా ర్యూనొసుకె రచించిన రెండు చిన్నకథలు మూలము. అడవిలో నొక క్షత్రియుఁడు చచ్చెను. దొంగయు, క్షత్రియుని భార్యయు, పూనకమునఁ బలుకు ప్రేతాత్మయు, కట్టెలవాఁడును ఆ సంగతిని నాలుగు విధములుగాఁ జెప్పుదురు. న్యాయస్థానమున సాక్షులు తెరకు నెదురుగాఁ గూర్చుండి పలుకుదురు. న్యాయాధిపతి యెన్నఁడును గనఁబడఁడు. అనఁగా నా పీఠమున సామాజికుఁడే కూర్చుండఁబెట్టఁబడెను.

సంశయయోగమను విఘ్నమున కింతకంటె నుదాహరణము దొరకదు. భార్య యేడ్చును. ఒక వాఙ్మూలమున నది లజ్జ, ఒకదాన నది భర్త చూపునందలి తిరస్కారముచేఁ గలిగిన దుఃఖము, ఒకదాన నది పరిహాసమునకు ముందటి పీఠిక. అనుభావ మొక్కటి, స్థాయి తెలియదు. శాస్త్రప్రకార మిది రసభంగము కావలెను. కురొసావా యీ దోషమును గప్పిపుచ్చక దానినే వస్తువుగాఁ జేసెను. శిథిలమైన నగరద్వారముక్రింద, కుంభవర్షమున, ఒక భిక్షువును గట్టెలవాఁడును మూఁడవవానికి నీ కథ చెప్పుచుందురు. ఇచట శ్రోత చిత్రమునందే యున్నాఁడు. వాఁడు నవ్వుచు, కట్టెలవాఁడు తన వాఙ్మూలమున నొక బాకు దొంగిలించిన సంగతిని దాఁచెనని బయటపెట్టును. తుదకు విడువఁబడిన శిశు వొకటి యేడ్చును. తన కాఱుగురు బిడ్డలున్నారు, ఏడవదానిని బెంచుట బరువు కాదని కట్టెలవాఁ డా శిశువు నెత్తుకొనును. నిజము తెలియకున్నను నమ్మవలసిన క్షణము భిక్షువునకు వచ్చెను, సామాజికునకును వచ్చెను. నాలుగు కథలను విని తీర్పు చెప్పలేనివాఁ డొక మనుష్యుని నమ్మవలెనా వలదా యను ప్రశ్నకు మాత్రము సమాధానము చెప్పితీరవలెను. చిత్రముయొక్క గౌరవ మంతయు నిందున్నది.

20వ శతాబ్ది చివరిభాగమున నమెరికాలోఁ జాల కథల నొక్క నగరమున నల్లు పద్ధతి వృద్ధినొందెను. రేమండ్ కార్వర్ చిన్నకథల నాధారముగాఁ గొని రాబర్ట్ ఆల్ట్‌మన్ 1993లో నిర్మించిన 'షార్ట్ కట్స్' అందుఁ బేర్కొనఁదగినది. లాస్ ఏంజెలెస్ నగరమున నిరువదిమందికిఁ బైఁబడిన పాత్రముల జీవితము లొరసికొనుచు సాగును. ఫలాహారశాలలోఁ బనిచేయు నొక స్త్రీ నడుపుచున్న కారు బాలు నొకనిఁ దాఁకును. వాఁడు లేచి యింటికి నడచిపోవును. ప్రమాదము తప్పినదని యామె సంతోషించును. బాలుఁ డాసుపత్రిలో మరణించును. ఆ సంగతి యామె కెన్నఁడును దెలియదు. చిత్రాంతమున భూకంపము వచ్చును. సరిగా నా క్షణముననే యొకఁడు రాతితో నొక యువతిని గొట్టి చంపును. భూకంపమున రాళ్లు పడి యొక యువతి చచ్చెనని వార్త వెలువడును. నగరము దానినే నమ్మును. హత్యను గన్నులారఁ జూచిన సామాజికుఁడు దానిని విప్పి చెప్పుట కెవ్వరును లేక లేచిపోవలెను. సిసిలీ కన్యయొక్క త్యాగమును గుర్తించిన యెఱుక యిచటఁ బాపమునకు సాక్షిగా నిలిచినది. మొదటిది కరుణను గలిగించెను. రెండవది మౌనమను భారమును మోపెను.

కాలక్రమమును దాఱుమాఱు చేయుటయు నీ యెఱుకకే సాధనము కావచ్చును. 1994లోఁ గాన్ చిత్రోత్సవమున నగ్రపురస్కార మందిన క్వెంటిన్ టరంటీనో చిత్రము 'పల్ప్ ఫిక్షన్' నందు విన్సెంటు అను హంతకుఁడు నడుమఁ జంపఁబడును. అంతకుముందటి కథ చివరఁ జూపఁబడుటచే వాఁడు సజీవుఁడై నవ్వుచు వెడలిపోవుటతోఁ జిత్రము ముగియును. తోడివాఁడు తాను మృత్యువును దప్పించుకొనుట దైవసంకల్పమని నమ్మి వృత్తిని విడువ నిశ్చయించును; విన్సెంటు దానిని లెక్కచేయఁడు. వానికి మిగిలిన యాయువు కొలఁదియని సామాజికుఁ డెఱుఁగును గావున, నా హాస్యమునడుమ నొక చల్లని గాలి వీచినట్లగును. క్రమమును మార్చకున్నచో నీ ఫలము కలుగదు.

మెక్సికోదేశీయుఁడగు అలెహాంద్రో గొంజాలెజ్ ఇన్యారిటు 2000లో నిర్మించిన 'అమోరెస్ పెర్రోస్' నందు మూఁడు కథలను గలుపునది యొక మోటారు ప్రమాదము. ఆ ప్రమాదమున గాయపడిన కుక్క నొక వృద్ధహంతకుఁడు దయతో నెత్తుకొనిపోయి తన కుక్కలనడుమఁ బెంచును. అది పందెములలోఁ దోడికుక్కలను జంప నలవాటుపడినదని వానికిఁ దెలియదు. మొదటి కథను జూచిన సామాజికుఁడు వృద్ధుఁడు కట్టుకట్టుచున్నప్పుడే వణఁకును. వాఁ డొకనాఁడు తలుపు తెఱచి చూచునప్పటికిఁ గుక్కలన్నియుఁ జచ్చిపడియుండును. దయయే ఘాతుకమునకు దారితీయుట యిచటి విషాదము. కథలు మాఱకున్నచో దీని నింత క్లుప్తముగాఁ జూపుట సాధ్యము కాదు.

ఆ దర్శకుఁడే 2006లో వెలువరించిన 'బాబెల్' ఈ పద్ధతియొక్క శక్తిని, పరిమితిని గూడఁ జూపును. మొరాకోలో మేకలకాపరుల బిడ్డలు తుపాకిని బరీక్షించుటకై దూరమునఁ బోవు బస్సుపైఁ బేల్తురు. ఒక యమెరికా స్త్రీ గాయపడును. అది యుగ్రవాదుల కృత్యమని లోకమంతయుఁ జాటఁబడును. ఆమె బిడ్డలను సాఁకు మెక్సికో దాది తన కొడుకు పెండ్లికి వారిని వెంటఁబెట్టుకొని సరిహద్దు దాఁటి, తిరుగుదారిలో నెడారిపాలై, దేశబహిష్కృత యగును. పిల్లల యాటయే యిన్నిటికి మూలమని రాజ్యము లెఱుఁగవు, సామాజికుఁ డెఱుఁగును. ఇంతవఱకు బంధము దృఢమైనది. టోకియోనగరమందలి బధిరకన్య కథకు మాత్రము, ఆ తుపాకి మొదట నామె తండ్రిదగుట తప్ప వేఱు సంబంధము లేదు. ఆ కన్య వేదన స్వయముగా హృద్యమే. కాని తుపాకి సంగతిని దెలిసికొన్నందున నా వేదన మఱింత లోఁతుగా గోచరింపదు. ఇచట సూత్రము కథలను గట్టినది గాని సామాజికుని హృదయమును గట్టలేదు.

దీనినిబట్టి గుణదోషనిర్ణయమునకు నొక ప్రమాణ మేర్పడుచున్నది. కథలు కలిసినవా లేదా యనుట ముఖ్యము కాదు. కాకతాళీయముగాఁ గలియుట చిత్రకవిత్వమునందలి బంధమువంటిది. గుర్తించినవాని బుద్ధికి సంతోషము కలిగించును, హృదయము వఱకుఁ బోదు. ఒక కథవలనఁ గలిగిన యెఱుక మఱియొక కథలోని మనుష్యునిఁ జూచు చూపును మార్చినదా యనుటయే ముఖ్యము. మార్చినచో నంగిరసము నాయకునియందు గాక, కథలనన్నిటిని మోయు సామాజికునియందే నిలుచును. స్ఫుటత్వాభావము తాత్కాలికమై తొలఁగును. అప్రధానత ప్రాధాన్యముగా మాఱును. సంశయము తీఱినను తీఱకున్నను ఫలవంతమగును.

16వ శతాబ్దియందుఁ బింగళి సూరన రచించిన కళాపూర్ణోదయమును జదివినవారికి నీ యనుభవ మపరిచితము కాదు. అందుఁ దొలియాశ్వాసములలోని వృత్తాంతముల పరస్పరసంబంధము చాల తడవునకుఁ గాని తేటపడదు. తేటపడినపిదపఁ బాఠకుఁడు వెనుకకు మరలి, చదివినదానినే క్రొత్తకన్నులతోఁ జదువును. అయినను సూరన కావ్యమునఁ జిక్కులను విప్పి చెప్పు పాత్రములు కావ్యముననే కలవు. పై చిత్రములలో విప్పి చెప్పువాఁడు లేఁడు. కార్మెలా నిర్దోషి యని యమెరికా సైనికులకుఁ దెలుపఁగలవాఁడు తెర కీవలివైపుననే యున్నాఁడు. వాని మాట యావలికిఁ బోదు.